మూడో పిలుపు

మాధవరం బస్సుల్లో వృద్ధుల సీటు మీదే ఎండ పడేలా ఎవరు ఏర్పాటు చేశారో గానీ, గురి మాత్రం తప్పలేదు. అది అలా ఉంచుదాం.

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను ఉత్తర చెన్నైలోని ఓ ప్రభుత్వ ఆస్పత్రికి సీనియర్ ఆడియాలజిస్టుగా వేశారు. పిల్లలకు వినికిడి పరీక్షలు చేయడం పని. ఓ రోజు వ్యాసర్పాడి నుంచి ఎస్తేరు అనే తొమ్మిదేళ్ల పిల్లను వాళ్ల అవ్వ తీసుకొచ్చింది. సారు పిలిస్తే పలకడం లేదని బడివాళ్లు చీటీ రాసిచ్చారు. చెవుడని నేను ధ్రువీకరిస్తే పిల్ల ఇల్లు వదిలి బధిరుల హాస్టలుకు వెళ్లాలి. అవ్వ కొంగును ఆ పిల్ల పట్టుకున్న తీరు చూస్తే, ఆ సంగతి తనకూ తెలుసని అర్థమైంది.

శబ్దం చొరబడని గది, మందపాటి తలుపు, చెవులకు హెడ్‌ఫోన్లు. నేను అద్దానికి ఇవతల. చిన్న కూత వినిపిస్తాం. వినగానే మీట నొక్కాలి. నొక్కకపోతే మోత పెంచి మళ్లీ వినిపిస్తాం. పిల్లలకు సులువుగా ఉంటుందని నేనెప్పుడూ "లోపల ఓ మామయ్య పిలుస్తాడు, పలుకు" అని చెప్పేవాణ్ణి. అది చమత్కారమనే అనుకునేవాణ్ణి. ఎస్తేరు ముఖం పాలిపోయింది. తలుపు మూశాను.

ప్రతి కూతకీ మూడోసారికే నొక్కింది. అప్పటికి మోత బాగా పెరిగి ఉండేది. గ్రాఫు ప్రకారం ఆ పిల్లకు మామూలు మాటలు వినపడవు. చెవుడని రాసి సంతకం చేశాను. పిల్ల హెడ్‌ఫోన్లలోకి వెళ్లే మైకు ఆపడం మరచి, "తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టారు, పాపం" అని అసిస్టెంటుతో గొణిగాను. లోపల ఎస్తేరు కాలు కుర్చీ కిందికి లాక్కుంది.

అంటే నా గొణుగుడు కూడా వినపడింది. ఇన్నేళ్లలో ఇలా ఎందర్ని హాస్టలుకు పంపించి ఉంటానో ఆలోచించే ధైర్యం చేయలేదు.

అవ్వను అడిగితే తేలింది. వాళ్లింట్లో మగగొంతు పిలిస్తే ఆడపిల్ల మూడో పిలుపుదాకా పలకకూడదు. బడిలో సార్లకైనా అంతే. ఎస్తేరు అన్నకు ఈ నియమం లేదు. వాడు పిలవకముందే పలుకుతాడట. నేను గీసింది చెవి గ్రాఫు కాదు, పెంపకం గ్రాఫు.

అవ్వ లోపలికెళ్లి పిల్లతో, "మే, అది మిషను. మగోడు కాదు. మొదటికే నొక్కు" అంది. నొక్కింది. నాకంటే బాగా వినపడుతోంది. పాత రిపోర్టు రద్దు చేసి కొత్తది రాశాను.

అప్పటినుంచి ఇంట్లో పిల్లను ఎవరెలా పిలుస్తారో, ఎన్నోసారికి పలకాలో అడిగి రాసుకున్నాకే మీట చేతికిచ్చేవాణ్ణి. మామయ్యను తీసేశాను.

ఆ రోజు మాత్రం సలహా ఇవ్వకుండా ఉండలేకపోయాను. చదువుకు అడ్డమొస్తుంది, ఈ అలవాటు మాన్పించమన్నాను. అవ్వ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆడ మా ఈదిలో మొదటి పిలుపుకే పలికిన బిడ్డ ఇంకా ఇంటికి రాలా సార్. ఆ బిడ్డకి చెవులు బాగానే ఉన్నాయి."