మార్కెట్ రోడ్డులో బిక్షం బోర్డు

సూర్యాపేట మార్కెట్ రోడ్డులో సైకిళ్లు బాగుచేసే బిక్షం అంటే నాకు పన్నెండేళ్ల పాటు కడుపుమంట. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువవుతుంది. అతను చదివింది ఐదో తరగతి. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ని, పేరు తిరుపతయ్య. మాది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. బదిలీ మీద వచ్చినవాణ్ని కాబట్టి నా మాటతీరు విని కొందరు ‘ఆంధ్రా సారు’ అనేవారు. దానికి నేనెప్పుడూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది ఇంకొకందుకు. రోజూ రెండు పేపర్లు మొదటి నుంచి చివరిదాకా చదివి, మట్టయ్య హోటల్లో కూర్చుని నేనేదైనా చెబితే, అందరూ మర్యాదగా తలలూపేవారు. ఊపి, టీ గ్లాసు కింద పెట్టి, “బిక్షం ఏం రాసిండో సూసొద్దాం పా” అని లేచేవారు.

బిక్షం షాపు హోటల్ పక్కనే. షాపు గోడకు పాత తలుపు చెక్క ఒకటి నల్లరంగు పూసి ఆనించి ఉండేది. అదే అతని బోర్డు. రేడియోలో విన్న వార్తలు పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో రాసేవాడు. ఐదారు వాక్యాలు, అంతే. అక్షరాలు బస్తాల మీద గుర్తులు వేసినట్టు లావుగా, ఒకవైపు ఒరిగి ఉండేవి. మార్కెట్‌కు ధాన్యం తెచ్చిన రైతులు, హమాలీలు, బస్సు దిగినవాళ్లు, అందరూ అక్కడ ఆగి చదివేవారు. చదువు రానివాళ్లు వచ్చినవాళ్ల చేత చదివించుకునేవారు. ఆ తర్వాత వాదన మొదలయ్యేది.

అతని కథ నాకు మట్టయ్య చెప్పాడు. బిక్షంది తిరుమలగిరి వైపు మెట్ట ఊరు. బోర్లు ఎండిపోతే వయసులో ఉండగానే మిర్యాలగూడ వెళ్లి రైస్‌మిల్లులో బస్తాలు మోశాడు. అంకెలూ అక్షరాలూ వచ్చని తెలిసి గుమాస్తా అతణ్ని కాంటా దగ్గర పెట్టాడు. లారీ నంబరు, బస్తాలు, తూకం బోర్డు మీద రాయాలి. అక్కడొక పద్ధతి ఉండేది. ఒకసారి తూచాక ఆగాలి. రెండోసారి తూచాలి. రెండూ కలిస్తేనే రాయాలి. ఒకరోజు తొందరలో బిక్షం ఒక్క తూకానికే రాసేశాడు. తూకం తక్కువ వచ్చింది. ఇద్దరు హమాలీలు దొంగలన్న పేరుతో పనిలోంచి పోయారు. సాయంత్రానికి తేలిందేమిటంటే తప్పు కాంటాది. కానీ ఆ ఇద్దరూ అప్పటికే ఊరు విడిచిపోయారు. ఎంత వెతికినా దొరకలేదట. ఆ తర్వాత కొన్నాళ్లకు నడుము పట్టేసి బిక్షం మిల్లు మానేశాడు. సూర్యాపేట వచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నాడు.

మన సైన్యం శ్రీలంక వెళ్లిన ఎనభై ఏడులో బోర్డు పుట్టింది. పంక్చర్ కోసం వచ్చినవాళ్లు “రేడియోల ఏం చెప్పిన్రే” అని అడగడం, చేతినిండా గ్రీజుతో అతను పదిమందికి పదిసార్లు చెప్పడం. విసిగిపోయి రాసిపెట్టాడు. మిల్లు పద్ధతే ఇక్కడా. ఢిల్లీ వార్తలు విని ఆగేవాడు. హైదరాబాద్ వార్తల్లోనూ అదే మాట వస్తే సుద్దముక్క పట్టేవాడు. చనిపోయినవాళ్ల లెక్క అయితే మరీ. దాంతో అతని వార్త ఎప్పుడూ నా పేపరు కంటే ఆలస్యమే. అయినా జనానికి అదే కావాలి. అక్కడే నాకు ఒళ్లు మండేది.

తొంభై ఒకటిలో గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు బోర్డు మీద కువైట్, ఇరాక్ గీశాడు. మా స్కూలు పిల్లలు ఆ పటాన్ని నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుని వచ్చి నాకే చూపించారు. ఆ సాయంత్రం వెళ్లి, అందరి ముందూ, అతని వాక్యంలో ఒక తప్పు వేలితో తుడిచి నా గుండ్రటి అక్షరాలతో దిద్దాను. సిగ్గుపడతాడనుకున్నాను. “మంచిగైంది సారూ, జర మిగిలినయి గూడ సూడుండ్రి” అన్నాడు సంతోషంగా. నేను దిద్దిన మాటను ఎవరూ గమనించలేదు. చివరికి మా ఆవిడ గోపమ్మ కూడా నన్ను కొత్తిమీరకు పంపుతూ, “ఎటూ వెళ్తున్నారుగా, బోర్డు మీద ఏముందో చూసి రండి” అనేది.

అన్నిటికంటే ఎక్కువ కాలింది కిషన్ ఉత్తరాల విషయంలో. కిషన్ పక్కనున్న లంబాడీ తండా పిల్లవాడు. హైస్కూల్లో నా దగ్గరే చదువుకుని సైన్యంలో చేరాడు. వాళ్లమ్మ సీతాబాయి రోజూ మార్కెట్‌కు కూరగాయలు తెచ్చేది. ఆమెకు చదువు రాదు, కోడలు పద్మకూ రాదు. కిషన్ ఉత్తరాలు ‘బిక్షం సైకిల్ షాపు’ చిరునామాకు వచ్చేవి. బిక్షం చేతులు తుడుచుకుని చదివి వినిపించేవాడు. ఉత్తరం రాయడం నేర్పింది నేను. చదివే భాగ్యం పంక్చర్లు వేసేవాడికి. ఒకసారి సీతాబాయిని ఆపి, “నా దగ్గరికి తీసుకురావచ్చు కదమ్మా” అన్నాను. “మీకెందుకు సారూ తక్లీఫు” అంది ఆమె. గౌరవంగానే అంది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

తొంభై తొమ్మిది మే నెలలో కార్గిల్ యుద్ధం మొదలైంది. నేను కలర్ టీవీ కొని, కేబుల్ పెట్టించి, వరండాలో రోడ్డు వైపు తిప్పి పెట్టాను. దేశభక్తి అని గోపమ్మతో చెప్పాను. అసలు కారణం బిక్షం. పది రోజులు నా వరండా నిండిపోయింది. కొండల మీద ఫిరంగి తోపులు పేలడం జనం కళ్లారా చూశారు. నేను కుర్చీలో కూర్చుని, సరిహద్దు దాటాలా వద్దా అన్నది విడమరిచి చెప్పేవాణ్ని. పదకొండో రోజుకు జనం పలచబడ్డారు. టీవీ మాట్లాడుతుంటే వాదించుకోవడం కుదరదు, నోరు మూసుకుని చూడాలి. అది మా వాళ్ల వల్ల కాలేదు. అందరూ మళ్లీ బోర్డు దగ్గర చేరారు.

పంతం కొద్దీ నేనూ వెళ్లాను. మట్టయ్య టీ వడకడుతూ, “గీత దాటి ఎనక నుంచి కొడితే నాల్గు దినాలల్ల ఖతం” అంటున్నాడు. “దాటితే పెద్ద లడాయి అయితది, ఇంకెంతమంది పోతరో” అని ఒక రైతు. నేను గొంతు సవరించుకుని, టీవీలో పెద్ద పెద్ద మేధావులు ఏమన్నారో చెప్పాను. అప్పుడు బిక్షం చక్రం తిప్పుతూనే అడిగాడు.

“సారూ, మీ టీవీల మనోళ్ల తోపులు ఏ కొండ కిందున్నయో సూపిస్తున్నరట గద. మనం సూస్తే అవుతలోళ్లు సూడరా?”

“ప్రజలకు తెలుసుకునే హక్కుందయ్యా. యుద్ధం వాళ్ల డబ్బుతో, వాళ్ల బిడ్డలతో జరుగుతోంది” అన్నాను. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ రోజు నేను దాన్ని అన్నది ప్రజల కోసం కాదు.

గంప దించుకుని కూర్చున్న సీతాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. “నా కొడుకు యాడున్నడో నాకే ఎర్కలేదు సారూ. లోకానికెందుకు?” అంది.

నలుగురూ ఆమె వైపు తిరిగారు. మళ్లీ నా మాట గాలికి పోయింది.

జూన్ చివర ఒక ఆదివారం, పొద్దున్నే టీవీలో అమరులైన జవాన్ల పేర్లు వచ్చాయి. అందులో ‘కిషన్’ ఉంది. ఊరు చెప్పలేదు, రాష్ట్రం చెప్పలేదు. పేరు పక్కన ఫొటో కూడా లేదు. నా గుండె ఝల్లుమన్నది నిజం. పాఠం అప్పజెప్పలేక బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లవాడు కళ్ల ముందు కదిలాడు. ఆ వెంటనే వచ్చిన ఆలోచన కూడా నిజమే, దాన్ని దాచను. ఇది బిక్షం కంటే ముందు నాకు తెలిసింది.

చెప్పులు వేసుకుని గబగబా వెళ్లాను. బోర్డు ఇంకా ఖాళీగా ఉంది. అతను రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. హోటల్ ముందు నలుగురున్నారు.

“ఇంకా రాయలేదా బిక్షం? మన కిషన్ పోయాడు. టీవీలో చెప్పారు” అన్నాను.

అతను రేడియో దించాడు. “పేరు నేను గూడ విన్న సారూ. ఊరు చెప్పిన్రా?”

“కిషన్ అని చెప్పాక ఇంకా ఊరెందుకయ్యా? సైన్యంలో ఎంతమంది కిషన్లుంటారు?”

మా ప్రాంతంలో ఆ పేరు తండాల్లోనే వింటాం. దేశంలో సగం ఊళ్లలో ఆ పేరుంటుందని, పాఠాలు చెప్పే నాకు ఆ క్షణాన తట్టలేదు. తట్టనివ్వలేదేమో. నలుగురిలో తండా మనిషి ఒకడున్నాడు. ‘అయ్యో’ అని కేకవేసి సైకిలెక్కాడు. బిక్షం వెనకాల అరిచాడు, “ఆగు! ఇంక తెల్వదు, ఆగు!” అతను ఆగలేదు. బిక్షం ఎవరిదో బాగుచేయడానికి ఇచ్చిన సైకిలెక్కి, షాపు అలాగే వదిలేసి వెంటపడ్డాడు.

అతను చేరేసరికే తండాలో ఏడుపులు మొదలయ్యాయి. పెళ్లినాడు పద్మ చేతులకు, మోచేతి పైదాకా వేసిన తెల్లని గాజులను ఆడవాళ్లు రాయితో పగలగొట్టేశారు. బిక్షం అందరి కాళ్లావేళ్లా పడి, ఇంకేమీ చేయొద్దని ఆపాడు. మర్నాడు బస్సెక్కి నల్లగొండ వెళ్లి, సైనికుల కుటుంబాల సంగతి చూసే ఆఫీసు ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. చనిపోయిన కిషన్ వేరే రాష్ట్రం వాడు. మన కిషన్ బతికే ఉన్నాడు. ఆ కబురు పట్టుకుని బిక్షం నేరుగా తండాకే వెళ్లాడు.

గాజులు మళ్లీ వేయడానికి సీతాబాయి ఒప్పుకోలేదు. భయపడింది. “కొడుకు రావాలె. వాని చేత్తోనే తొడగాలె” అంది. పద్మ బోసి చేతులతోనే మార్కెట్‌కు వచ్చేది. నేను ఆ వైపు చూడకుండా వెళ్లిపోయేవాణ్ని.

మంగళవారం బోర్డు మీద ఇలా ఉంది: ‘మొన్నటి వార్త తప్పు. కిషన్ క్షేమం.’ ఎవరు చెప్పారన్నది లేదు. బిక్షం ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, “నా పేరు రాయలేదేం?” అని అడిగాను.

“ఎవరు చెప్పిన్రన్నది వార్త కాదు సారూ. తప్పన్నదే వార్త. మీరు బడిల పిల్లల ముందు నిలవడాలె గద” అన్నాడు, ట్యూబు నీళ్లలో ముంచుతూ.

మార్కెట్‌కు వచ్చేపోయే రైతులకు అసలు సంగతి తెలియదు. బిక్షం తప్పు రాశాడనే అనుకున్నారు. “బోర్డు కాడ చెప్పిన్రు” అని తండాలోనూ అదే మాట. అక్కడున్న నలుగురికీ తెలుసు, కానీ పంతులును తప్పుపట్టడానికి మొహమాటపడ్డారు. బోర్డు ముందు జనం తగ్గారు. ఒకరోజు బిక్షం రాసినదాన్ని ఒక్కరూ ఆగి చదవకపోవడం హోటల్లోంచి చూశాను. నాకు సంతోషం కలిగింది. సిగ్గుపడాల్సిన చోట సంతోషపడ్డాను. నా పన్నెండేళ్ల కడుపుమంట చల్లారింది అతను నా తప్పు మోస్తుంటే.

దసరా దాటాక కిషన్ సెలవు మీద వచ్చాడు. బస్సు దిగి, తల్లినీ పెళ్లాన్నీ వెంటబెట్టుకుని నేరుగా షాపు దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో తెల్ల గాజులు. ఆదివారం సంత, రోడ్డంతా జనం. నేను హోటల్ బెంచీ మీద ఉన్నాను.

“కాకా, పద్మ చేతులు సూడు” అన్నాడు కిషన్. “గాడ మంచుల పండుకుంట, నీ బోర్డు కాడ మా అమ్మ కూసుంటది, ఫికర్ లేదనుకున్న. నువ్వేనా గిట్ల చేసింది?”

బిక్షం ఆ చేతుల వైపు చూశాడు. నా వైపు చూడలేదు. “తప్పయింది బిడ్డా” అన్నాడు.

ఒక్క మాట. ఆ మాటకు జనంలో ఎవరో ‘ఇన్నేండ్లు నమ్మినం’ అని గొణిగారు. మట్టయ్య చేతిలో టీ గిన్నె అలాగే పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను లేచాను. కాళ్లు లేపాయో, సిగ్గు లేపిందో.

“అతను కాదు కిషన్. చెప్పింది నేను.”

కిషన్ తిరిగి చూశాడు. అరవలేదు. “మీరా సారూ?” అన్నాడు, క్లాసులో ప్రశ్న అర్థం కానప్పుడు అడిగినట్టు. “మీరెందుకు చెప్తరు?”

దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. బిక్షం కంటే ముందు చెప్పాలని. బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ రోజు వార్తల కింద కొంచెం చోటుంటే సుద్దముక్క తీసుకున్నాను. బిక్షం నా చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు సారూ, అందరున్నరు.”

“అందుకే” అన్నాను.

‘జూన్‌లో కిషన్ చనిపోయాడని ఇక్కడ చెప్పింది బిక్షం కాదు. ఊరు పేరు తెలుసుకోకుండా, బిక్షం కంటే ముందు చెప్పాలన్న ఈర్ష్యతో చెప్పింది నేను. తిరుపతయ్య, తెలుగు పండితుడు.’

గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. ఆ బోర్డు ముందు నా రాత కోసం జనం ఆగాలని పన్నెండేళ్లు కోరుకున్నాను. ఆ రోజు సంతంతా ఆగి చదివింది. సీతాబాయికి చదువు రాదు కదా, కిషన్ ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాడు.