రెండు పట్టాలు, మూడు కత్తెరలు

ఆ రోజుల్లో మా బేరిగైలో ఇంజనీరింగంటే నాలుగేళ్లు, అంతే. అయిదో ఏడు కూడా కాలేజీ బస్సెక్కే పిల్ల ఫెయిలయినట్టే లెక్క. నేనేమో హోసూరు దగ్గర ఇంజనీరింగూ బిజినెస్సూ కలిపి రెండు పట్టాలిచ్చే అయిదేళ్ల కోర్సులో చేరాను. (తెలివి ఎక్కువై కాదు, ఏదో ఒకటి తేల్చుకోలేక.) అదే ఏడు మామూలు ఇంజనీరింగులో చేరిన మా ఊరివాళ్లంతా నాలుగేళ్లకే ఉద్యోగాలకు పోయేసరికి, ఎదురింటి అత్త అరటిపళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చేసింది. "పోనీలేమ్మా, మావాడు కూడా తప్పినాడు. ఇప్పుడు క్రిష్ణగిరిలో బాగుండాడు." తప్పలేదత్తా, ఇది రెండు డిగ్రీల చదువు అన్నాను. "అట్లే చెప్పుకో తల్లీ. అడిగేవాళ్లకి ఏదో ఒకటి చెప్పల్ల కదా!"

అది విన్న మా అవ్వ తిన్నగా దేవుడి పటం ముందుకు పోయింది. కాసేపయ్యాక వచ్చి చల్లగా చెప్పింది. "నువ్వు పాసయితే నీ తలనీలాలు ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కినానమ్మా." నడుము దాటిన జడ నాది! పైగా చదువవగానే కొత్త ఉద్యోగంలో చేరాలి. "నీ జుట్టే మొక్కకూడదా అవ్వా?" అని ఏడుపుగొంతుతో అడిగాను. "చదివేది నువ్వా, నేనా?" అంది.

ముందు నా ఇంజనీరింగ్ బుర్ర రంగంలోకి దిగింది. అసలు తప్పనేలేదు కాబట్టి మొక్కే చెల్లదని వాదించాను. "మొక్కు మొక్కే" అంది అవ్వ. ఇక బిజినెస్సు బుర్రను దించాను. గుండు దగ్గర మొదలైన బేరం భుజాల దాకా వచ్చి, చివరికి జడ కొసన మూడు కత్తెరల దగ్గర తెగింది. చదివిన చదువు ఊరికే పోలేదని అమ్మ ముందు ఎంత మిడిసిపడ్డానో!

పట్టాలొచ్చాక కొండెక్కాం. నా మూడు కత్తెరలు అయిపోయి, జడ సవరించుకుంటూ తిరిగి చూస్తే, అవ్వ మంగలి ముందు తల వంచి కూర్చుని ఉంది.

"ఏమవ్వా ఇది!"

"బేరం నాతో ఆడినావు గానీ స్వామితో కాదు కదమ్మా. నువ్వు తగ్గించింది నేనిస్తాను."

నవ్వబోయిన నాకు ఏడుపొచ్చింది. అవ్వ కళ్లద్దాలు పట్టుకుని పక్కనే చతికిలబడ్డాను.

ఊరికి రాగానే అవ్వ గుండుకి చందనం పూసుకుని ఎదురింటికి పోయి, "మా పిల్ల ఈసారి పాసయిందమ్మా!" అని చాటింది. "ఈసారి" అన్న మాటను దిద్దకుండా వదిలేశాను. ఇప్పుడు నేను పనిచేసే ఫ్యాక్టరీలో బేరాలు కుదిర్చేది నేనే. గెలిచి బయటికొచ్చినప్పుడల్లా, కొండమీద జడ సవరించుకుంటూ గెలిచాననుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. నేను తగ్గించింది ఎవరి నెత్తిన పడిందోనని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.