బిడ్డను అప్పజెప్పాలె

నెక్కొండలో రైలెక్కేటప్పటికి నా ఫోన్‌లో ఎన్ని ఆన్‌లైన్ హైస్కూళ్ళు తెరిచి ఉన్నాయంటే, ఆ బరువుకు నా చెయ్యి జానెడు సాగింది. మావాడిని ఎందులో చేర్చాలో తేలక, పక్కవాళ్ళు టీ కాచుకునేంతగా తల వేడెక్కింది.

ఎదుటి సీటులో ఒకామెదీ అదే వెతుకులాట. కాలు ఆపరేషనై మంచం దిగలేని కూతురికి పదో తరగతి ఆగిపోకూడదట. మావైపు పిల్లను బడిలో వేసేటప్పుడు సారు ముందు నిలబడి, చేతులు జోడించి అప్పజెప్పడం రివాజు. ఈమె ఆ పనిని వీడియో కాల్‌లో మొదలుపెట్టింది. కొంగు సర్దుకుని, ఊగే రైల్లో లేచి నిలబడింది.

“జర సారును పిలువుండ్రి. బిడ్డను అప్పజెప్పాలె.”

మొదటి బడిలో ఫోనెత్తిన అమ్మాయి, “లింక్ పంపిస్తాం మేడమ్,” అని పెట్టేసింది. రెండో బడిలో ఎవరో పెద్దాయన ఫోన్ అందుకున్నాడు. ఈమె నిలబడటం చూసి తానూ లేచాడు. కాసేపు తెరనిండా ఆయన బొజ్జే కనిపించింది.

“బిడ్డ పేరేందమ్మా?”

పేరు చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

“ఫీజెంతో అడగలేదేం అక్కా?” ఉండబట్టలేక అడిగాను.

“అడుగుత తియ్ అన్నా. సారు లేసి నిలబడ్డడు, చూసినవా?”

వరంగల్‌లో ఆమె దిగిపోయింది. అప్పటినుంచీ ఏ బడికి ఫోన్ చేసినా ముందు సారును పిలవమంటున్నాను. ప్రస్తుతం ఒక బడివారు సారును పిలుస్తామని, ఫోన్‌లో సంగీతం పెట్టి పోయారు. పాట అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

నేను మాత్రం నిలబడే ఉన్నాను.