"వేడి" అనని వంటగది

మూడో అంతస్తులో ఉండే వంటావిడ పంతం కొద్దీ తోటి మనిషి కాలి మీద సలసల కాగే సూపు ఒలకబోసిందనీ, ఆ నేరం వంట మాస్టర్ మీదకు నెట్టి ఆయన కొంప ముంచిందనీ వీధంతా కోడై కూస్తోంది. సూపు ఒలికిన మాట నిజం. ఆమె చేతిలోంచే ఒలికిందన్నదీ నిజం. మిగతాదంతా మెట్లెక్కుతూ దిగుతూ జనం పెట్టిన తాలింపు.

హోటల్లో ఆమె మాస్టర్ తర్వాత మనిషి. ఏ వంటగదిలోనైనా ఒక పద్ధతి ఉంటుంది. వేడి గిన్నె పట్టుకుని ఒకరి వెనకనుంచి వెళ్లేటప్పుడు "వేడి, వేడి" అని అరవాలి. విన్నవాళ్లు ఉన్నచోటే ఆగిపోతారు. ఈ మాస్టర్ వచ్చాక ఆ అరుపు పోయింది. తినడానికి వచ్చినవాళ్లకు లోపలి గోల వినబడకూడదని ఆయన హుకుం. తన గొంతు మాత్రం గోల కింద లెక్క కాదు. ఉప్పు తగ్గితే పళ్లెం గోడకేసి కొట్టేవాడు.

ఒకసారి ఆమె అలవాటు కొద్దీ "వేడి" అంది.

"ఏమ్మా, చేపలు అమ్ముతున్నావా? ఇంకోసారి నోరు లేచిందంటే బయట రోడ్డు మీద అమ్ముకుందువుగాని!"

అందరూ నవ్వారు. నవ్వనివాళ్లకు తర్వాతి వంతు.

ఆ మధ్యాహ్నం హడావిడిలో ఆమె సూపు డేగిసా ఎత్తుకుని గిన్నెలు కడిగే తొట్టి పక్కగా వెళ్తోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టర్ ఇటే చూస్తున్నాడు. మింగేసింది. అంతలోనే గిన్నెలు తోమే అక్క వెనక్కి తిరిగి డేగిసాకు తగిలింది. పాదం నుంచి పిక్క దాకా బొబ్బలు.

బయటినుంచి వచ్చిన యజమాని అందర్నీ నిలబెట్టి అడిగాడు.

"ఆవిడే జారిందండీ. ఎన్నిసార్లు చెప్పినా ఆ అరిగిపోయిన చెప్పులే," అన్నాడు మాస్టర్.

ఆ మాటే ఖాయమైతే అక్కకు వైద్యమూ ఉండదు, పనీ ఉండదు. కాదంటే వంటావిడ పని పోతుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

"జారలేదండీ," అంది వంటావిడ. "డేగిసా నా చేతిలో ఉంది. నేను అరవలేదు. అరిస్తే ఈయన ఊరుకోరని అరవలేదు."

"చూశారా, తనే ఒప్పుకుంటోంది!"

"ఒప్పుకుంటున్నా. మీ వంతు మీరూ ఒప్పుకోండి."

కూరగాయలు తరిగే తాత గొంతు సవరించుకున్నాడు. "అరవొద్దన్న మాట నిజమే బాబూ. నన్ను ముసలి గాడిద అన్నాడు. గాడిద అంటే సర్దుకున్నా. ముసలి అంటాడేంటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు.

యజమాని మాస్టర్‌ను పంపించేశాడు. అక్క వైద్యం తనే చూసుకుంటానన్నాడు. వంటావిడను మాత్రం పొయ్యి దగ్గర్నుంచి తీసి తాత పక్కన కత్తిపీట ముందు కూర్చోబెట్టాడు. తప్పు లేకపోతే అంత పెద్ద పని ఎందుకు పోతుందని వీధి తన కథ అల్లుకుంది.

కింది ఇంటి పెద్దావిడకు విన్న ముక్కలు చాలలేదు. ఒక సాయంత్రం ఆమెను మెట్ల దగ్గరే ఆపేసింది.

"సూటిగా అడుగుతున్నా, కోప్పడకు. మాస్టర్ అరవనివ్వడని చెప్పి ఊరుకోవచ్చుగా? డేగిసా నా చేతిలో ఉందని చెప్పడం ఎందుకే పిచ్చిదానా? నీ పని నీకు ఉండేది!"

వంటావిడ చేతిసంచీ మెట్టు మీద పెట్టింది.

"అక్కకు కట్టు మార్చేది నేనే పెద్దమ్మా. ఇప్పుడూ అక్కడికే వెళ్తున్నా. తప్పంతా ఆయనదేనని చెప్పి వచ్చి ఉంటే, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ మొహం ఎలా చూడను?"