కిటికీలో పెసల సీసా

సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం బజారులో, కైలాసం సేటు కొట్టుకు రెండు రకాల మనుషులు వచ్చేవారు. పెసలు, కందులు అమ్ముకోవడానికి వచ్చే రైతులు ఒక రకం. వెనక గదిలో సేటు చెక్కతో చేసి పెట్టిన ఫిరంగి బండ్లు, యుద్ధ విమానాలు చూసి నవ్వుకుని పోయేవారు ఇంకో రకం. "తరాజు పట్టే చేతికి తోపులెందుకు సేటూ?" అని ఆట పట్టించేవారు. అరవై ఐదు యుద్ధం నాటి పేపర్ బొమ్మలు కత్తిరించి దాచుకుని, వాటిని చూసి చూసి తనంతట తాను నేర్చుకున్న పని అది. పేపర్లో బొమ్మలన్నీ నలుపూ తెలుపే. అసలు రంగేమిటో ఎవరు చెప్పాలి? గేట్లకు వేసే ఆకుపచ్చ డబ్బా తెచ్చి అన్నిటికీ అదే పూసేవాడు.

డెబ్బై మూడులో, కొత్త పెసలు గంజికి దిగిన వారం, పాశమైలారం మొగులయ్య రెండు బస్తాలతో వచ్చాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ట్యాంకు నడిపిన మనిషి. ఎడమ చెయ్యి కాలడంతో పల్టన్ నుంచి ఇంటికి పంపేశారు. ఇంత సేద్యం చూసుకుంటూ, పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు కాడ కాపలా పని చేస్తున్నాడు. తూకం అయ్యాక వెనక గదిలోకి తొంగి చూసి, చెక్క ట్యాంకు ముందు నిలబడిపోయాడు.

"మంచిగనే చేసినవు సేటూ. గని చక్రాలు ఐదే పెట్టినవు. పక్కన రేకు పరద ఉంటది సూడు, దానెనుక ఆరోది ఉంటది."

"పేపర్ల కనపడలె పటేలా."

"రంగు గూడ గిది గాదు. గిది దవాఖాన తలుపు రంగు."

కైలాసానికి కోపం రాలేదు. ఇన్నేళ్లకు తప్పు చెప్పగలిగిన మనిషి దొరికాడని సంబరపడ్డాడు. మొగులయ్య మాత్రం కాసేపు బొమ్మను తడుముతూ ఉండి, "నాకొకటి చేస్తవా? నేను నడిపిన బండి," అన్నాడు.

"ఎందుకు పటేలా?"

"ఇంట్ల తలుపేస్తె నాకు ఊపిరాడదు. చలికాలం గూడ తెరిచే ఉంచుత. కుక్కలు జొరవడి కుండలు ముడుతున్నయని మా కౌసల్య రోజూ కొట్లాట. ఏమైందయ్యా నీకు అని అడుగుతది. నాకు నోరు రాదు. బండి సూపెట్టి, గిండ్ల కూసున్న అంటె ఆమెకే సమజైతది."

"రంగు జెర అటిటు అయితె?"

"అయితె అది నా బండి గాదు. పరాయి బండి సూపెట్టి నేనేం చెప్పాలె?"

ఆ మాట అని, తన బస్తాలోంచే పిడికెడు పెసలు తీసి వెలుతురులో పట్టాడు. పచ్చగా, జిగి లేకుండా ఉన్నాయి. "గిదే. అచ్చం గిదే."

కైలాసానికి అంతకన్నా ఏం కావాలి? గంజిలో బేరమంతా మచ్చు మీదే నడుస్తుంది. ముందు చూపిన పిడికెడు గింజలతో సరుకు కలవకపోతే ఆ వ్యాపారికి ముఖం ఉండదు. ఆ పెసలను ఒక గాజు సీసాలో పోసి, రంగు పగటి వెలుతురులోనే తెలుస్తుందని కిటికీలో పెట్టాడు.

పని ఏడాది పట్టింది. సెలవు దొరికినప్పుడల్లా మొగులయ్య వచ్చేవాడు. కళ్లు మూసుకుని, నేల మీద పాదాలు కదిలించి, చేతులు ముందుకు చాచి, ఏది ఎక్కడుండేదో గుర్తు చేసుకునేవాడు. సైకిల్ చైన్ ట్యాంకు పట్టాలైంది. గొడుగు కడ్డీ తోపైంది. డ్రైవరు దిగే కంత ముందు భాగంలో కుడి పక్కకు వచ్చింది, దానికి రేకు మూత. చివరికి రంగు. ఆకుపచ్చలో పసుపు, నలుపు కలిపి, మెరుపు చావడానికి సుద్దపొడి వేసి, ఏడుసార్లు పూసి గీకేశాడు. ఎనిమిదోసారి సీసాలోంచి ఒక గింజ తీసి బండి మీద వేస్తే కంటికి ఆనలేదు. గెలిచాననుకున్నాడు.

మొగులయ్య వచ్చి చూశాడు. ముఖం వాడిపోయింది.

"గిది నా బండి గాదు సేటూ."

"ఏందీ! మచ్చు నీదే గదా పటేలా! నువ్వే ఇచ్చినవు. పోసి సూడు!"

గుప్పెడు పోస్తే గుప్పెడూ కలిసిపోయాయి. మొగులయ్య చాలాసేపు చూసి, "పెసలు కలిసినయి. నేనే మరిసిపోయిన్నేమో. మూడేండ్లకే బండి రంగు మరిసిపోతె, ఇగ ఆమెకేం సూపెట్టాలె... ఉండనీ సేటూ," అని కాలిన చెయ్యి తువ్వాలలో దాచుకుని వెళ్లిపోయాడు.

కైలాసం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు భార్య శకుంతల కిటికీ తుడుస్తూ సీసా పైకెత్తింది.

"ఏమండీ, ఈ ముదురు పెసలు ఇంకెన్ని దినాలు పెడ్తరు? పురుగు పట్టకముందు గుగ్గిళ్లన్న ఏస్త."

"ముదురా?"

"ఏడాది సంది ఎండల ఉన్నయి. ఎర్రబారినయి కనపడ్తలేదా? రైతు తెస్తె దూరంకెల్లి జూసి పాతయి అంటరు, సగం ధర అంటరు. ఇంట్లయి కనపడయి!"

కైలాసం సీసా లాక్కుని కొట్టులోకి పరుగెత్తాడు. ఆ వారమే కొత్త పెసలు దిగాయి. ఒక చేతిలో అవి, ఒక చేతిలో ఇవి, రంగులో పోలికే లేదు. ముప్పై ఏళ్లు గింజల్లో చేతులు పెట్టి బతికినవాడు పకపకా నవ్వాడు. వెంటనే సిగ్గుపడ్డాడు, మొగులయ్య కళ్లను మొగులయ్యే అనుమానించేలా చేసినందుకు.

కొత్త పెసలతో పోల్చి తొమ్మిదోసారి పూసిన రంగు ఆరగానే బండిని గోనెసంచిలో చుట్టి, బస్సెక్కి, దిగి పాశమైలారం నడిచాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. బొమ్మను గడపలో పెట్టి, "నీ కండ్లు మంచిగనే ఉన్నయి పటేలా. నా మచ్చే ఎండిపోయింది," అన్నాడు.

మొగులయ్య గొంతుక్కూర్చుని చూశాడు. వాకిట్లో దుమ్ము చిటికెడు తీసి పట్టాలకు రుద్దాడు. తర్వాత ఇంట్లోకి చూసి, "కౌసల్యా, గిటు రా," అన్నాడు. పిండి చేతులతో వచ్చిన ఆమెకు, ముందున్న కంతను వేలితో చూపించాడు.

"గిండ్ల కూసుంటుంటి."

కౌసల్య బొటనవేలు అందులో పెట్టి చూసింది. సగం కూడా పట్టలేదు.

"గింత జాగల మనిషి పడ్తడా?"

"పడ్తడు. పైన మూతేస్తరు." రేకు మూత వేశాడు. "ఆ దినం లోపట మంట లేసినప్పుడు, గిది జల్దీ పైకి రాలె."

కౌసల్య మూతను తనే పైకి లేపి, అలాగే తెరిచి ఉంచింది. ఇంతలో వాకిట్లోకి ఒక కుక్క వచ్చింది. కైలాసం అలవాటు కొద్దీ లేచి తలుపు దగ్గరికి వేయబోయాడు.

"ఉండనీ సేటూ, తెరిచే ఉండనీ," అంది కౌసల్య. లోపలికి వెళ్లి, కింద ఉన్న కుండలను ఒక్కొక్కటే ఉట్టి మీదికి ఎక్కించసాగింది.