నర్సమ్మగారు ముగించని ప్రార్థన

మంగళవారం పొద్దున్నే పాలు కాస్తుంటే ఫోన్ వచ్చింది. "నర్సమ్మగారు పోయారండీ," అంది వాళ్ళ పక్కింటావిడ. "ఏ నర్సమ్మగారు?" అన్నాను. మా పెదపాడులో ఇంకెవరున్నారు కనుక! ముందు రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్ళిన మనిషి. నిద్రలోనే ప్రాణం పోయిందట. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది.

ఆవిడ ముప్పై ఏళ్ళు మా ఊరి ఆసుపత్రిలో నర్సు. నా పిల్లలిద్దరికీ టీకాలు ఆవిడే వేశారు. రిటైరయ్యాక కూడా నల్ల గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. బీపీ చూసి, "ఒక్క మాట ప్రార్థన చేయనా అమ్మాయ్?" అనేవారు. మా గోడకి వెంకటేశ్వరస్వామి, ఆవిడ సంచిలో బైబిలు. మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

ఒకసారి అడిగాను. "చివర్న ఆ ఆమేన్ ఏంటండీ? అయిపోయిందనా?"

పకపకా నవ్వారు. "అయిపోయిందని కాదమ్మా, అలాగే జరగాలని. ఆ మాటకి నేనూ ఒప్పుకున్నానని."

ఒప్పుకోవడమంటే ఏంటో తర్వాత చూశాను. కొల్లేరు పొంగి లంక ఊళ్ళు మునిగిన ఏడాది, వాళ్ళ ఆకలి తీర్చమని చర్చిలో పాస్టరుగారు ప్రార్థించారట. అందరూ ఆమేన్ అని ఇళ్ళకు పోయారు. ఈవిడ మాత్రం బకెట్ పట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షం. "ఇందులో బియ్యం పొయ్యమ్మాయ్. ఆమేన్ అనేశాను కదా, ఇంక ఇంట్లో ఎలా కూర్చోను?"

అసలు సంగతి చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఉండే మా చెల్లితో నాకు రెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ ఏలూరు ఆసుపత్రిలో ఉంటే అది రాలేదు. అమ్మ పోయాక వచ్చింది. దినం రోజు చుట్టాలందరి ముందూ "నువ్వేం కూతురివే!" అనేశాను. నా నోరు అలాంటిది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అదీ జబ్బుపడి మంచం మీదే ఉందని తర్వాత తెలిసింది. తెలిసినా ఫోన్ చేయలేదు.

నర్సమ్మగారు వదిలితేగా! "ఈ అక్కచెల్లెళ్ళను కలుపు తండ్రీ," అని ప్రార్థించి, ఆగి, నా వైపు చూసేవారు. నేను నోరు విప్పేదాన్ని కాదు. ఆవిడా ఆమేన్ అనేవారు కాదు. "నువ్వు అనకుండా నేనొక్కదాన్నే అంటే అబద్ధమవుతుందమ్మా," అని లేచి వెళ్ళిపోయేవారు. సోమవారమూ అదే వరస. "రేపు చూద్దాం లెండి," అన్నాను. "సరే, రేపే," అన్నారు. చీకటి పడుతోందని లేచిన మనిషి గొడుగు మరిచిపోయారు.

రేపట, రేపు! ఎంత పొగరండీ నాకు.

సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థనకు అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. నేను బాకీపడ్డ ఆమేన్ వేరే ఉంది. ఇంటికొచ్చి స్నానం చేసి చెల్లికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా!"

"తప్పు నాదేనే. ఆ రోజు ఆ మాట అనాల్సింది కాదు." అటు నుంచి ఏడుపు. నాకూ ఆగలేదు. "నర్సమ్మగారు పోయారే."

"పోవడమేంటక్కా! మొన్న ఆదివారం కూడా మాట్లాడారు. ప్రతి ఆదివారం చేసేవారు. 'మీ అక్క ఫోన్ చేస్తుంది, మొదటి రింగుకే ఎత్తమ్మా' అనేవారు."

ఆవిడ నాకు ఒక్క మాటైనా చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం చెల్లి వచ్చి, నర్సమ్మగారు కూర్చునే చోటు వదిలి, నా పక్కన అరుగు మీద కూర్చుంది. ఆమేన్ అన్నాను, పైకే. కిటికీ ఊచకి ఆవిడ గొడుగు వేలాడుతూ ఉంది.