తీసి పక్కన పెట్టిన రీలు

మొన్న కడపలో మా కోడలు టీవీలో పాతకాలపు రాజకీయ హత్య మీద తీసిన సినిమా ఏదో పెట్టి, సాక్షి లేచి నోరు తెరిచే సమయానికి పాలు పొంగుతున్నాయని దాన్ని అక్కడే ఆపి వంటింట్లోకి వెళ్లింది. బొమ్మను ఇలా మీట నొక్కి నిలబెట్టే రోజులు వస్తాయని, రాజంపేటలో నేను ప్రొజెక్టర్ నడిపే కాలంలో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సినిమా అంటే రేకు డబ్బాల్లో బస్సు టాపు మీద వచ్చే రీళ్లు. క్యాబిన్లో బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీల పొగ, బనియను తడిసి ముద్దయ్యే ఉక్క, కింద ఆడవాళ్ల బెంచీల్లో చంటిపిల్లల ఏడుపులు, ఇంటర్వెల్లో సోడాల చప్పుడు, అన్నీ కలిసి అదొక సంసారం. బొమ్మ కాస్త మసకబారితే చాలు, జనం నా వంశం మొత్తాన్ని తలుచుకునేవాళ్లు. అయినా ఆ క్యాబిన్లో నేను మారాజునే.

అలాంటి రోజుల్లో ఒక మంత్రి హత్య మీద చారిత్రక చిత్రం వచ్చింది. చంపింది ఎవరో చివరిదాకా తెలియదు. నిండు సభలో ఒక దాసి లేచి తాను చూసింది చెబుతుంటే, అప్పుడు ఆ కత్తిపోట్లు తెరమీద కనిపిస్తాయి. అదంతా ఒకే రీలు. ఒకనాడు మ్యాటినీలో క్యాబిన్ కిటికీలోంచి చూస్తే, ఆడవాళ్ల వైపు మా పెద్దక్క కూర్చుని ఉంది. సర్పంచి పదవి గొడవల్లో మా బావను బస్టాండులో నరికి చంపి అప్పటికి మూడేళ్లు, ఆ తరువాత ఆమె సినిమాకు రావడం అదే మొదలు.

ఆ కత్తిపోట్లు ఆమె కళ్లబడకూడదని ఆ రీలు తీసి పక్కన పెట్టి, తరువాతిది ఎక్కించాను. జనం ఈలలు వేశారు, బెంచీలు బాదారు, యజమాని పైకొచ్చి తిట్టాడు. రీలు తెగిందని అబద్ధం చెప్పాను కానీ, అక్కను కాపాడుకున్నానని లోపల సంబరంగానే ఉంది.

సాయంత్రం ఇంటికి పోతే, అక్క చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అడిగింది.

“ఆ రీలు నువ్వే తీసేసినావు కదా నాయనా?”

“నువ్వు చూడలేవని, అక్కా.”

“సంపేది చూడనీకి నేనేల వస్తా? అది రోజూ నా కండ్ల ముందరే ఉండాది. ఆ పనిమనిషి అంతమంది ముందర నిలబడి పేరు చెప్తాదని పక్కింటామె చెప్పింది. అట్ల చెప్పేవాళ్లు యాడన్నా ఉంటారా, చూద్దామని వచ్చినా.”

నరికిన రోజు బస్టాండులో బావ పక్కన ఉన్నది నేనే. పెద్దలు రెండు వర్గాలకూ రాజీ చేసి, ఇంకో ప్రాణం పోకూడదని మా నాయనతో ఒట్టు వేయించుకుంటే, పోలీసుల ముందు నేనేమీ చూడలేదన్నాను. అది అక్కకు తెలుసు, అయినా ఆ మాట ఎత్తలేదు. రాత్రి ఆటకు వస్తే ఆ రీలు వేస్తానన్నాను. ఆమె రాలేదు, మరెప్పుడూ ఆ థియేటరు మెట్లెక్కలేదు.

ఇప్పుడది కల్యాణమండపం. ఆనాటి రెండు వర్గాల పిల్లలు ఒకరి పెళ్లికొకరు వచ్చి, అందులోనే పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నారు. నరికినవాడూ మంచంపట్టి పోయాడు. ఈ రోజు ఆ పేరు కడప నడిబజారులో నిలబడి చెప్పినా నన్ను ఏమీ అనేవాళ్లు లేరు. వినాలనుకున్న అక్క లేదు.